మూల ప్రింటర్ కక్కిన కాగితాలు

ఆ ప్రింటర్‌కి భోజనం వేళ తెలుసు. సత్యకుమారి అన్నిటికంటే ముందు పట్టుకున్నది ఆ సంగతినే.

ప్రెస్సు యజమాని పల్లంరాజు చెప్పినదాన్ని బట్టి, మంగళవారం మొదలు ఇవాళ గురువారం మధ్యాహ్నం దాకా మూలనున్న ఆ ప్రింటర్, మనిషన్నవాడు ముట్టుకోకుండానే పద్నాలుగు కాగితాలు కక్కింది. పొద్దున తొమ్మిదిన్నరకి ముందు ఒక్కటీ రాలేదు. సాయంత్రం ఆరు దాటాక రాలేదు. ఒంటిగంటకీ రెండింటికీ మధ్య అసలే రాలేదు. పాడైన యంత్రం వేళాపాళా లేకుండా పిచ్చిపనులు చెయ్యాలి గానీ, క్యారేజీ తెచ్చుకున్న గుమాస్తాలా ఇలా నడుచుకోవడం ఏంటి?

"వైరస్సండి," అన్నాడు పల్లంరాజు. "మా బావమరిది సురేష్‌బాబు చెప్పాడు. మండపేటలో ఉంటాడు. మా కంప్యూటర్ల సంగతంతా ఆడే చూస్తాడండి. ఆ కాగితాలు తగలెట్టెయ్ బావా అన్నాడు."

"తగలెట్టారా?"

"అబ్బే. రెండోవైపు ఖాళీయే కదండీ."

సత్యకుమారికి నవ్వొచ్చింది, ఆపుకుంది. ఒకవైపు తెల్లగా ఉన్న కాగితాన్ని పారెయ్యడం ప్రెస్సువాళ్ళ ఒంట్లో లేదు. కట్టగా గుచ్చి మేకుకి తగిలిస్తారు. ఫోన్లో వచ్చిన ఆర్డర్లు దానిమీదే రాసుకుంటారు, మిగిలింది బజ్జీల బండికి పోతుంది. రాజమండ్రిలోనే ఇలాంటి ఇంకో ప్రెస్సులో పద్దెనిమిదేళ్ళు తెలుగు టైపు కొట్టిన మనిషి ఆమె. ఆ ప్రెస్సు మూతపడ్డాక ఒక ముసలి డిటెక్టివ్ దగ్గర గుమాస్తాగా చేరింది. ఆయన పోయాక ఆ బోర్డూ, ఆ బల్లా, ఆయన తెచ్చుకున్న శత్రువులూ ఆమెకే మిగిలాయి. యాభై రెండేళ్ళ వయసు, ఒక్క గది, ఒక్క కంచం. పొద్దుట్నించి సాయంత్రం దాకా ఎవరితోనూ మాట్లాడని రోజులు ఆమెకి కొత్త కాదు. అందుకేనేమో, ఈ కేసు ఒప్పుకున్న దగ్గర్నుంచీ ఆమెకి అన్నం సయించట్లేదు.

కేసు ఇదీ. తబిత అనే ఇరవై తొమ్మిదేళ్ళ అమ్మాయి సోమవారం సాయంత్రం నుంచి కనిపించట్లేదు. ధవళేశ్వరంలో ఒక గది అద్దెకి తీసుకుని ఉంటోంది. ఎనిమిది నెలలుగా ఆ గదిలోంచే ఈ ప్రెస్సుకి పనిచేస్తోంది. తెలుగు అక్షరాలు కొట్టే పాత సాఫ్ట్‌వేర్ ఈ మూల కంప్యూటర్‌లో తప్ప ఇంకెక్కడా నడవదు. కాబట్టి తబిత తన గదిలో కూర్చుని, రిమోట్ డెస్క్‌టాప్ అంటారే, దాని ద్వారా ఈ కంప్యూటర్‌లోకి వచ్చి పెళ్ళికార్డులూ కరపత్రాలూ కొట్టేది. ఆమె లోపల ఉన్నంతసేపూ ఇక్కడి తెర మీద ఏమీ కనపడదు. పాస్‌వర్డ్ అడుగుతూ తాళం వేసినట్టు ఉండిపోతుంది. ఆ పాస్‌వర్డ్ తబితకీ, సురేష్‌బాబుకీ తప్ప ఎవరికీ తెలియదు.

సోమవారం రాత్రి ఆనకట్ట దారిలో ఆమె చెప్పులూ చేతిసంచీ దొరికాయి. అంతకుముందే ఆమె ఫోన్ నుంచి అక్కకి ఒక మెసేజ్ వచ్చింది, నన్ను వెతకొద్దు అని. మూడు రోజులుగా పడవలవాళ్ళు గోదావరి గాలిస్తున్నారు, ఏమీ దొరకలేదు. ఇవాళ సాయంత్రం సీఐ గణేష్‌బాబు ఆత్మహత్యగా రిపోర్టు పంపేస్తాడు. అది వెళ్ళిందంటే ఆ తర్వాత తబిత కోసం వెతికేవాళ్ళు ఈ భూమ్మీద ఇద్దరే మిగులుతారు. ఒకరు సత్యకుమారి, ఇంకొకరు ఈ కేసు తెచ్చిన తబిత అక్క కృపారాణి. లూథరన్ బడిలో టీచరైన కృపారాణి ఇప్పుడు గుమ్మం పక్కన కాగితపు రీముల మీద కూర్చుని ఉంది. మూడు రోజులుగా ఏడ్చి ఏడ్చి ఆమెకి గొంతు పోయింది.

"తబిత ఎలా ఉంటుందండి?" అనడిగింది సత్యకుమారి.

పల్లంరాజు నేల చూపులు చూశాడు. "నిజం చెప్పాలంటే మొహం గుర్తులేదండి. చేరినప్పుడు ఒక్కసారి వచ్చింది. ఆ తర్వాతంతా ఫోనే. గొంతైతే గుర్తుపడతానండి, ఆయ్."

ఎనిమిది నెలలు ఒకే కంప్యూటర్‌లో పనిచేశారు, మొహం తెలియదు. సత్యకుమారి ఆ మాట విననట్టే ఉండి ఆఖరిసారి ఎప్పుడు మాట్లాడిందో అడిగింది. సోమవారం మూడుంబావుకి ఫోన్ చేసి, చర్చి సభల కరపత్రం ఫోల్డర్‌లో పెట్టాను చూసుకోండి అందని చెప్పాడు. పెళ్ళికార్డు ఒకటి మిగిలింది, రేపిస్తానంది.

"ఇచ్చిందా?"

"ఇచ్చేసిందండి పాపం. మంగళవారం మధ్యాహ్నం చూస్తే ఫోల్డర్‌లో ఉంది. సోమవారమే పూర్తిచేసి వెళ్ళుంటుంది."

పెద్ద గదిలోని రెండో కంప్యూటర్‌లో ఆ ఫోల్డర్ తెరిపించింది సత్యకుమారి. కరపత్రం: సోమవారం మూడు గంటల పదమూడు నిమిషాలు. పల్లంరాజు చెప్పిన ఫోన్ వేళకి సరిపోయింది, అంటే గడియారం తప్పు కాదు. పెళ్ళికార్డు: మంగళవారం పది గంటల యాభై రెండు నిమిషాలు.

ఆమె ఆ రెండు వేళలూ చీటీ మీద రాసుకుంది. ఆ అంకెలు చూస్తున్న పల్లంరాజు ఏమనుకున్నాడో, ఫోన్ తీసి ఆమె ఎదురుగానే బావమరిదికి చేశాడు. ఎవరో డిటెక్టివ్ మేడమ్ వచ్చారనీ, ఆ వైరస్ కాగితాలు అడుగుతున్నారనీ, ఇవ్వమంటావా వద్దా అనీ అడిగాడు. అవతల ఏమన్నాడో గానీ ఫోన్ జేబులో పెట్టుకుంటూ, "చెత్త కాగితాలు ఆవిడకెందుకు, పంపించెయ్ అంటున్నాడండి," అన్నాడు మొహమాటంగా.

అప్పటికి టైము రెండుంబావు. వీధిలో జీపు ఆగింది.

సీఐ గణేష్‌బాబు తలుపు దగ్గరే నిలబడి ఆమెని పైనుంచి కింది దాకా చూశాడు. నిరుడు అతను ప్రమాదమని మూసేసిన కేసు ఒకటి సత్యకుమారి తెరిపించింది. ఆ మంట అతనికింకా ఆరలేదు.

"సత్యకుమారి గారూ, పెళ్ళి సంబంధాల వాకబులు తగ్గాయా, మా పనిలో వేలు పెడుతున్నారు?"

"మీ పనిలో కాదండి, మీరు వదిలేసిన పనిలో," అంది ఆమె. "చచ్చిపోయిన పిల్ల మర్నాడు పొద్దున పది యాభై రెండుకి పెళ్ళికార్డు కొట్టింది. అదెలాగో మీరు చెప్తే నేను వెళ్ళిపోతాను."

అతను తెర మీదికి వంగి చూశాడు. ఎవరైనా తెరిచి మూసుంటారు, తేదీ మారుంటుంది అన్నాడు. అతను ఫోన్‌లోని మెసేజ్ సంగతెత్తగానే కృపారాణి లేచి నిలబడింది. చెల్లెలు రెండేళ్ళుగా పంపిన మెసేజ్‌లన్నీ అతనికి చూపించింది. అన్నీ తెలుగక్షరాల్లో ఉన్నాయి. ఆ ఆఖరిదొక్కటే ఇంగ్లీషక్షరాల్లో కొట్టిన తెలుగు.

"మా చెల్లి తెలుగుని ఇంగ్లీషులో కొట్టదండి," అంది పోయిన గొంతుతోనే. "అలా రాసేవాళ్ళని చూస్తే దానికి చిరాకు. అక్షరాలే దాని బతుకండి."

"చచ్చిపోవాలనుకున్న మనిషి అలవాట్లు చూసుకుంటుందామ్మా?" అన్నాడు సీఐ. మాట కటువుగా అనలేదు గానీ, వెనక్కీ తగ్గలేదు. అయిదింటికి రిపోర్టు పంపుతానని చెప్పి అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

సత్యకుమారి అతనితో వాదించలేదు. మేకుకున్న కట్ట తీసి కింద పరిచింది. పద్నాలుగింటిలో రెండు బజ్జీల బండికి పోయాయి, పన్నెండు మిగిలాయి. వెనక పల్లంరాజు గీసుకున్న ఆర్డర్ల తేదీలను బట్టి వరసగా పేర్చి, బోర్లా ఉన్నవాటిని తిప్పింది. ఒక్కో కాగితం మీద నాలుగైదు వరసల ఇంగ్లీషు అక్షరాలు, మధ్యలో కామాలు, డాలర్ గుర్తులు, తలకిందుల ప్రశ్నార్థకాలు. ఎవరు చూసినా చెత్త అనే అంటారు.

ఆమె అనలేదు. మోకాళ్ళ మీద కూర్చుని మొదటి కాగితం మీదికి వంగింది.

పాత తెలుగు ఫాంటుల రహస్యం ఇది. వాటిలో నిజంగా తెలుగు ఉండదు. కంప్యూటర్‌కి అవి ఇంగ్లీషు గుర్తులే. ఫాంటు వాటికి తెలుగు బట్టలు తొడుగుతుంది, అంతే. ఆ ఫాంటు లేని చోట ప్రింటు కొడితే బట్టలూడిపోయి ఇలా బయటపడతాయి. పద్దెనిమిదేళ్ళలో అలాంటి పేజీలు ఆమె వేలల్లో చూసింది. ప్రూఫు అర్జెంటైనప్పుడు ఆ చెత్తనే చదివి తప్పులు దిద్దేది. ఏ గుర్తు 'మ', ఏ గుర్తు 'త', ఏది కొమ్ము, ఏది దీర్ఘం అన్నది ఆమె ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. చూసి చూసి వచ్చేసింది. ఆ విద్య ఇంకెవరికీ పనికిరాదని, తనతోనే పోతుందని అనుకునేది.

మొదటి కాగితం చదివింది. సీఐని పిలిచి, పల్లంరాజుని బయటికి వెళ్ళమందామనుకుని, మనసు మార్చుకుంది. అతను కూడా వినాలి. విన్నప్పుడు అతని మొహం తను చూడాలి.

"నేను తబితని. బతికే ఉన్నాను. సురేష్‌బాబు తీసుకొచ్చి పెట్టాడు. ఇది చదివినవాళ్ళు మా అక్క కృపారాణికి చెప్పండి."

పల్లంరాజు మొహం పాలిపోయింది. కృపారాణి ఆ కాగితం లాక్కుని, అర్థంకాని ఆ గుర్తుల మీద వేలు పెట్టి, ఎక్కడుంది నా పేరు ఎక్కడుంది అని అడిగింది. సత్యకుమారి చూపించింది.

మిగతావి గబగబా చదివేసింది. గడువు దాటిన పురుగుమందు సీసాలకి కొత్త తేదీలతో లేబుళ్ళు కొట్టమని సురేష్‌బాబు కొన్నాళ్ళుగా తబితకి పని ఇస్తున్నాడు. అవి పొలాల్లో మందు కొట్టే కూలీల చేతుల్లోకి వెళ్ళేవి. శనివారం ఆమెకి సంగతి అర్థమైంది, వ్యవసాయాఫీసులో చెప్తానంది. సోమవారం మాట్లాడదాం రమ్మని కారెక్కించాడు. మిగిలిన లేబుళ్ళు కొట్టేదాకా కదలనివ్వనన్నాడు. ఆ అక్షరాలు కొట్టడం ఆమెకి తప్ప వాడికి తెలియదు. నాలుగో కాగితం దగ్గర సత్యకుమారి ఆగి, రెండుసార్లు చదివింది.

"ఇక్కడి ప్రింటర్‌లో లేబుళ్ళు చెత్తగా వస్తున్నాయి. రిమోట్‌లో కొడితే ఫాంటు ఇక్కడికి రావట్లేదు. బాగుచెయ్యడం నాకు వచ్చు. బాగైతే పని అయిపోతుంది, అందుకే చెయ్యట్లేదు. ప్రెస్సు ప్రింటర్‌లో టెస్టు చేస్తానని చెప్పి, ఫాంటు తీసేసి ఇవి పంపుతున్నాను. వాడికి అదీ చెత్తే, ఇదీ చెత్తే."

తొమ్మిదోది నిన్న సాయంత్రానిది. మూసేసిన రైసుమిల్లు, వెనక కిటికీ కింద కాలవ, అవతలి గట్టున చర్చి. గంట మోగింది, బుధవారం కూటం అయ్యుంటుంది. పాట వినపడింది, నేనూ లోపల్లోపల పాడుకున్నాను అక్కా, అని ఉంది. పన్నెండోది ఇవాళ పొద్దుటిది. అందులో ఒక్కటే వరస.

"ఎవరైనా చదువుతున్నారా? చదవకపోయినా రాస్తాను."

సత్యకుమారికి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఎవరూ చదవని కాగితాలు రాసుకుంటూ కూర్చోవడం ఎలాంటిదో ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు. రాసిన మనిషికి ఇంకా ఆశ ఉంది, అదొక్కటే తేడా.

గణేష్‌బాబు కాగితాలు అటూ ఇటూ తిప్పి చూశాడు. "మీరు చదివారంటే నేను నమ్మాలా? ఇందులో నాకు డాలర్ గుర్తులు కనపడుతున్నాయి, మీకు చర్చి గంట వినపడుతోంది. కోర్టులో ఏమని చెప్పను?"

"కోర్టుకి ఇంకా టైముంది. ఆ పిల్లకి లేదు."

"ఈ ఊళ్ళో ఇంకెవరైనా ఇది చదవగలరా?"

"పాత ఆపరేటర్లు నలుగురైదుగురు ఉంటారు. వెతికి పట్టుకొచ్చేసరికి సాయంత్రమవుతుంది."

అతనేదో అనబోయాడు. మూలన ప్రింటర్ గరగరమంది. అందరూ అటు తిరిగారు. కాగితం మెల్లగా బయటికి వచ్చింది. టైము రెండూ ముప్పై ఏడు.

సత్యకుమారి దాన్ని చదవకుండానే ప్రింటర్ దగ్గరికి వెళ్ళింది. కంప్యూటర్ తెర తాళం వేసుకుని ఉంది, లోపలున్న మనిషికి ఒక్క మాట కూడా పంపే దారి లేదు. కానీ ప్రింటర్ ట్రే బయటికి లాగితే, లోపలున్నవాళ్ళ తెర మీద కాగితం లేదని పడుతుంది. మళ్ళీ తోస్తే అది పోతుంది. ఆమె లాగి తోసింది. ఆగి, మళ్ళీ లాగి తోసింది. మూడోసారి కూడా.

నాలుగు నిమిషాలు ఏమీ జరగలేదు. సీఐ చేతి గడియారం చూసుకున్నాడు. తర్వాత ప్రింటర్ కదిలింది.

సత్యకుమారి పైకి చదివింది. "కాగితం లేదని మూడుసార్లు వచ్చింది. మనిషేనా? అయితే ఇంకో రెండుసార్లు చెయ్యండి."

"జరగండి," అన్నాడు గణేష్‌బాబు. తనే వంగి ట్రే లాగాడు, తోశాడు. మళ్ళీ లాగాడు, తోశాడు. అలా వంగే ఉండిపోయాడు. ఆ తర్వాతి కాగితం అతని చేతుల్లోకే వచ్చింది. అందులో ఒక్క ముక్క అతనికి అర్థం కాలేదు, కానీ ఈసారి దాన్ని చెత్త అనలేదు. రెండు చేతులతో ఆమెకిచ్చాడు.

"స్తోత్రం ప్రభువా. మూడు రోజులుగా గోడకి చెప్పుకుంటున్నాననుకున్నాను. వాడు ఇవాళ ఎవరిదో వీడియో చూశాడు. పీడీఎఫ్ చేసి కొడితే అక్షరాలు సరిగ్గా వస్తాయని తెలిసిపోయింది. ఇంకా ఆరు లేబుళ్ళున్నాయి. అవి అయ్యాక నాతో వాడికి పనేముంది?"

సీఐ ఫోన్ తీసి మండపేట స్టేషన్‌కి చేశాడు. మూసేసిన మిల్లు, వెనక కాలవ, అవతల చర్చి అని అరిచి చెప్పాడు. అవతలివాళ్ళు అలాంటివి నాలుగున్నాయన్నట్టున్నారు, నాలుగూ చూడండి, సైరన్ వెయ్యకండి అన్నాడు. గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. "మీరు ఇక్కడే ఉండండి. ఆ పిల్లని వదలకండి," అనేసి జీపెక్కాడు. కృపారాణి అడగకుండానే వెనక సీట్లో ఎక్కి కూర్చుంది.

ప్రెస్సులో ఇద్దరే మిగిలారు. పల్లంరాజు తలుపుకి ఆనుకుని నిలబడిపోయాడు.

"మా ఆవిడకి ఒక్కడే తమ్ముడండి," అన్నాడు.

సత్యకుమారి నేలమీది కాగితాలు ఏరి వరసగా గుచ్చింది.

రెండూ యాభై ఎనిమిదికి మళ్ళీ కాగితం వచ్చింది. ఈసారి డాలర్లు లేవు, కామాలు లేవు. ఇంగ్లీషక్షరాల్లో తెలుగు, ఫోన్లో మెసేజ్ కొట్టినట్టు ఉంది. ఎవరైనా చదవగలరు. పల్లంరాజు కూడా చదివాడు.

"ఈ కాగితాలు చదువుతున్నది ఎవరు?"

అది తబిత రాసింది కాదు. ఆమె కుర్చీలో ఇప్పుడు ఇంకొకడున్నాడు.

సత్యకుమారి చెయ్యి అలవాటైన దారిలో ట్రే మీదికి పోయింది. పట్టుకోబోయి చటుక్కున వెనక్కి లాక్కుంది. ట్రే కదిలితే ఇక్కడ మనిషి ఉన్నట్టు వాడికి తెలిసిపోతుంది. కదలకపోతే తబిత ఒట్టి గోడకే రాసుకుందని నమ్ముతాడు. తబిత కూడా అలాగే నమ్ముతుంది, దానికి మాత్రం ఏం చెయ్యగలదు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

పల్లంరాజు జేబులో ఫోన్ మోగింది. అతను తెర చూసి, ఆమె వైపు తిప్పాడు. సురేష్‌బాబు.

ఆమె అతన్ని బతిమాలలేదు. "ఎత్తండి. స్పీకర్ పెట్టండి," అంది.

"బావా, ఆ డిటెక్టివ్ ఉందా, పోయిందా?"

పల్లంరాజు గొంతు సర్దుకున్నాడు. సత్యకుమారి అతని పెదాల వైపే చూస్తోంది.

"పోయిందిరా. కాగితాలు చూసి, ఒక్క ముక్కా అర్థం కాలేదని పారేసి పోయింది."

"కాగితం లేదని మాటిమాటికీ వస్తోంది, ట్రే ఎవరు లాగుతున్నారు మరి?"

"నేనేరా. నీ వైరస్ ఆగట్లేదు, కాగితాలు దండగైపోతున్నాయని తీసేస్తన్నాను. మళ్ళీ ఎవడికైనా ప్రింటు కావాలంటే పెడతన్నాను. ఏం?"

అవతల నవ్వు వినపడింది, పిసినారి బావని చూసి నవ్వే బావమరిది నవ్వు. "సరేలే. ఇంకో అరగంట ఓపికపట్టు. పనైపోతుంది. ఆ పైన నీ కంప్యూటర్ జోలికి ఎవరూ రారు."

ఫోన్ పెట్టేశాక పల్లంరాజు నేలమీద కూలబడిపోయి ఏడ్చాడు. ఇంటికెళ్ళి భార్యకి ఏమని చెప్పుకోవాలో, ఆ మాటే పదేపదే అన్నాడు. ఓదార్చే తీరిక సత్యకుమారికి లేదు. అరగంట. సీఐకి ఫోన్ కొడితే తొలి రెండు మిల్లుల్లో ఎవరూ లేరన్నాడు. మూడోది ఊరికి ఆ చివర, నాలుగోది ఎక్కడో మండపేట వాళ్ళకే సరిగ్గా తెలియదట. తను ఇంకా దారిలోనే ఉన్నాడు.

అరగంటలో ఆరు లేబుళ్ళు. పని అవ్వకూడదు. అవ్వనంతసేపే తబిత బతికుంటుంది. ఇన్నాళ్ళూ ఆ పిల్ల చేసిందదే, ప్రింటర్ బాగుపడకుండా చూసుకోవడం. ఇప్పుడా పని తనది.

మూల కంప్యూటర్ వెనకనుంచి నీలం రంగు నెట్ వైరు గోడలోకి పోతోంది. అది పీకితే అవతల తెర చచ్చిపోతుంది. లేబుళ్ళు ఆగిపోతాయి. వాడు నెట్ పోయిందనుకుని మళ్ళీ బావకి ఫోన్ చేస్తాడు, పల్లంరాజు మెకానిక్‌ని పిలుస్తాననో, కరెంటోళ్ళు తీశారనో ఒక గంట సాగదియ్యాలి. సాగదియ్యగలడు. ఇందాక ఆ అబద్ధమాడినవాడు ఇదీ ఆడగలడు.

కానీ ఆ వైరు పీకితే తబితకి ఉన్న ఒకే ఒక్క దారి పోతుంది. ఇరవై అయిదు నిమిషాల క్రితం మనిషేనా అని అడిగిన పిల్ల, ఉన్నామని చెప్పించుకున్న పిల్ల, మళ్ళీ ఒంటరిదైపోతుంది. ఎందుకు పీకారో తెలిపే మార్గం లేదు.

మూడూ ఏడు. సత్యకుమారి బల్ల కిందికి దూరి వైరు పీకేసింది.

ఆమె పైకి లేచేసరికి ప్రింటర్ గరగరమంటోంది. వైరు ఊడకముందే ఇటు చేరిపోయిన పేజీ ఒకటి ఇప్పుడు బయటికొస్తోంది. నిండా డాలర్లూ కామాలే. సత్యకుమారి కాగితం పూర్తిగా రాకముందే చదవడం మొదలెట్టింది.

"ఇందాక రాసింది నేను కాదండి. వాడు బయటికెళ్ళాడు. మీరు వెళ్ళిపోలేదు కదా? ఉన్నానని ఒక్కసారి చెప్పండి."

వైరు నేలమీద పడి ఉంది. ఇక్కడ ఏం చేసినా ఆ కబురు ఈ గది దాటదని ఆమెకి తెలుసు. తెలిసీ వంగి, ట్రే బయటికి లాగి, మళ్ళీ లోపలికి తోసింది.